పసుపుపై నెవరి హక్కు?

గాయమునకు పసుపు నద్దుట మంథనిలో ఏ యిల్లాలికిని క్రొత్త విద్య గాదు. గోదావరీతీరమున వేదవిద్యకు నెలవైన యీ యూరికే కాదు, కరీంనగరు సీమకంతటికిని అది తరతరముల యెఱుక. అట్టి యెఱుకపై 1995లో అమెరికా పేటెంటు కార్యాలయము మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు గుత్తహక్కు నొసంగెను! మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనామండలి 1996లో పునర్విచారణ గోరి, ప్రాచీన సంస్కృత గ్రంథమును, 1953 నాటి వైద్యపత్రికా వ్యాసమును సాక్ష్యముగా జూపెను. 1997లో ఆ హక్కు కొట్టివేయబడెను.

వేపనూనెతో శిలీంధ్రములను నివారించు పద్ధతిపై ఐరోపా పేటెంటు కార్యాలయము 1994లో నొసంగిన హక్కు 2000లో రద్దయ్యెను. అప్పీలు మండలి 2005లో ఆ తీర్పునే స్థిరపఱచెను. వ్యాజ్యము పదేండ్లు సాగినది.

గెలుపు మనదే. కాని నాటి అమెరికా శాసనమునకు పరదేశపు వాడుక చాలదు. అచ్చయిన వ్రాత కావలసి యుండెను. 2011 నాటి సవరణ వాడుకకును విలువ నిచ్చినది. ఐనను రుజువు లేని వాడుక యే న్యాయస్థానమున నిలుచును? మన సాంప్రదాయిక విజ్ఞాన భాండారము 2001లో ఆరంభమైనది యిందులకే. కావున మంథని పెద్దలు తమ యింటి వైద్యమును తేదీతోసహా అచ్చు వేయింతురు గాక! వ్రాయని విద్యను దొంగిలించుట సులభము.