చవుక సరుకు – డంపింగు నిరోధక సుంకము

విదేశపు సరుకు మన అంగడిలోనికి చవుకగా వచ్చినపుడు కొనువారికి సంతోషము కలుగుట సహజము. అదే సరుకును మన దేశమున తయారుచేయువారికి మాత్రము అది జీవనోపాధికి సంబంధించిన చిక్కు. ఈ ఇరువురి నడుమ న్యాయము నిర్ణయించుటకు దేశములు ఏర్పరచుకొన్నవే డంపింగు నిరోధక నిబంధనలు. ఇవి చొప్పదండి, సిరిసిల్ల ప్రాంతముల బ్రతుకుతో ఎట్లు ముడిపడియున్నవో సంగ్రహముగా వివరింతుము.

చవుకగా అమ్ముటయే డంపింగు కాదు. ఒక దేశమున ముడిసరుకు సమృద్ధిగా నుండి, ఖర్చు తక్కువైనచో అచటి సరుకు చవుకగానే యుండును. అది దోషము కాదు. స్వదేశమున అమ్ము ధరకంటె తక్కువ ధరకు పరదేశమునకు ఎగుమతి చేయుటయే డంపింగు. ఒక కర్మాగారము కిలో నూలును తన దేశమున 100 రూపాయలకు, మనకు 80 రూపాయలకు అమ్మినదనుకొందము. రవాణా మొదలగు ఖర్చులు తీసివేసి, రెండు ధరలను కర్మాగారపు గుమ్మము వద్దనే పోల్చవలెను. ఇవి అట్టి ధరలే యైనచో వ్యత్యాసము 20 రూపాయలు. ఎగుమతి ధరపై లెక్కించిన నూటికి 25 వంతులు.

వ్యత్యాసము తేలినంతమాత్రమున సుంకము వేయ వీలులేదు. మూడు ప్రశ్నలకు సమాధానము కావలెను. డంపింగు జరిగినదా? స్వదేశ పరిశ్రమకు గణనీయమైన హాని కలిగినదా, లేక కలుగు ప్రమాదమున్నదా? ఆ హానికి ఆ దిగుమతులే కారణమా? పాతబడిన యంత్రముల వలన, తగ్గిన గిరాకీ వలన కలిగిన నష్టమును విదేశీయుని నెత్తిన రుద్దరాదు. వ్యత్యాసము నూటికి 2 వంతులకు లోపుగా నున్నచో విచారణ అంతటితో ముగియును.

ఇట్టి చట్టమును కెనడా 1904లోనే చేసినది. 1947 నాటి గాట్ ఒప్పందములోని 6వ అధికరణము దానికి అంతర్జాతీయ రూపమిచ్చినది. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడగా వివరమైన ఒడంబడిక అమలులోనికి వచ్చినది. మన దేశమున పరిశ్రమవారి అర్జీపై వాణిజ్య మంత్రిత్వశాఖాధికారులు విచారించి సిఫారసు చేయుదురు; సుంకము విధించునది ఆర్థిక మంత్రిత్వశాఖ. అది వ్యత్యాసమును మించరాదు. అంతకు తక్కువతో హాని తొలగునెడల తక్కువయే చాలును. సాధారణముగా ఐదేండ్లకు గడువు తీరును. పునర్విచారణలో అవసరమని తేలిననే పొడిగింతురు.

ఈ ఆయుధము మనవారిపైనను ప్రయోగింపబడినది. ఆంధ్ర తీరమున చెరువులలో పెరుగు రొయ్యలకు అమెరికా పెద్ద విపణి. 2005లో అమెరికా భారతదేశముతో కూడ ఆరు దేశముల రొయ్యలపై ఈ సుంకము విధించినది. ప్రత్యేకముగా రేటు నిర్ణయింపబడని మన ఎగుమతిదారులకు అది నూటికి 10.17 వంతులు. అందుపై అదనపు పూచీకత్తు కూడ కోరగా భారతదేశము ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసినది. ఆ పూచీకత్తు ఒప్పందమునకు విరుద్ధమని 2008లో తీర్పు వచ్చినది.

ఇక మన ప్రాంతపు సంగతి. చొప్పదండి నుండి కరీంనగరు మీదుగా సిరిసిల్ల చేరినచో వీధి వీధిన మరమగ్గముల చప్పుడు వినవచ్చును. 2017లో మొదలైన బతుకమ్మ చీరలు ఈ మగ్గములపై నేసినవే. అందు వాడు పాలియెస్టరు నూలుకు మూలము టెరిఫ్తాలిక్ ఆమ్లము. పెట్రోలియము నుండి వచ్చు ఈ పదార్థమును మన దేశమున కొలది సంస్థలే తయారుచేయును. చైనా, దక్షిణ కొరియా, థాయిలాండు మొదలగు దేశముల నుండి వచ్చు ఆ సరుకుపై డంపింగు నిరోధక సుంకము ఉండెడిది. ఆమ్లము తయారుచేయువారికి అది కవచము. దానిని కొని నూలు తీయువారికి మాత్రము భారము. నూలు ధర పెరిగినచో ఆ భారము మగ్గము వరకు దిగివచ్చును. 2020 ఫిబ్రవరి బడ్జెట్టులో ప్రజాహితము దృష్ట్యా ఆర్థికమంత్రి ఆ సుంకమును రద్దుచేసిరి. వస్త్ర పరిశ్రమకు ముడిసరుకు పోటీ ధరకు దొరకవలెనని అందుకు కారణము చెప్పిరి.

కావున ఒకరికి రక్షణయైన సుంకము మరియొకరికి ఖర్చు కావచ్చును. చట్టము ఈ సంగతిని మరువలేదు. విచారణకాలమున ఆ సరుకును వాడు పరిశ్రమలకును, వినియోగదారుల సంఘములకును తమ మాట చెప్పుకొను అవకాశము కలదు. పెద్ద సంస్థలకు వకీళ్ళు, లెక్కలు సిద్ధముగా నుండును; నాలుగు మగ్గములవాడు ఒంటరిగా ఢిల్లీ వరకు పోజాలడు. సంఘముగా కూడి, నూలు ధర, పనిదినములు, కూలి లెక్కలు వ్రాసి యుంచుకొన్ననే అతని మాటకు బలము చేకూరును. విదేశీ సరుకుపై సుంకము వేసిరను వార్త విన్నపుడు, దాని వలన నిలుచునది ఎవరి పరిశ్రమ, పెరుగునది ఎవరి ఖర్చు అను రెండు ప్రశ్నలను మనము కలిపి అడుగవలెను.