క్యాసెట్ రెడీ.. గేమ్ మాత్రం రాలేదు!

చిన్నప్పుడు తిరునాళ్లలో ఏడ్చి కొనిపించుకున్న బ్రిక్ గేమ్ గుర్తుందా? ప్లాస్టిక్ బాడీ, బూడిదరంగు స్క్రీను, వెనకాల పెన్సిల్ బ్యాటరీలు. మీద ‘9999 ఇన్ 1’ అని గొప్పగా రాసుండేది. అందులో మనం ఆడింది మాత్రం ఒక్కటే. పైనుంచి పడే ముక్కల్ని తిప్పుకుంటూ వరసలో సర్దడం. వరస నిండితే మాయం, నిండకపోతే గోడ పెరిగి పెరిగి గేమ్ ఓవర్. ఆ ఆట అసలు పేరు టెట్రిస్ అని ఇంజినీరింగ్‌లో చేరేదాకా నాకు తెలీదు.

ఆ టెట్రిస్‌కే ఒక వెర్షన్ ఉంది. 1989లో జపాన్‌లో సెగా కంపెనీ తన మెగా డ్రైవ్ కన్సోల్ కోసం తయారు చేసింది. కోడ్ అయిపోయింది. క్యాసెట్లు తయారయ్యాయి. ఏప్రిల్‌లో విడుదల అనుకున్నారు. అయినా షాపులోకి రాలేదు. గేమ్‌లో బగ్ ఉందా? లేదు. ఆడేవాళ్లు లేరా? బోలెడంతమంది ఉన్నారు. మరి ఎందుకు ఆగింది?

‘కంప్యూటర్ అంటే ఏమిటి’ అని మాస్కోలో ఒక కాగితం మీద రాసుకున్న ఒక్క వాక్యం వల్ల!

బ్రాకెట్లతో పుట్టిన ఆట

1984. మాస్కోలోని సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ సెంటర్. అక్కడ పనిచేసే అలెక్సీ పజిత్నోవ్ దగ్గర ఎలక్ట్రానికా 60 అనే సోవియట్ కంప్యూటర్ ఉండేది. దానికి గ్రాఫిక్స్ లేవు. తెర మీద అక్షరాలు, గుర్తులు తప్ప ఇంకేమీ రావు. పజిత్నోవ్ బ్రాకెట్ గుర్తుల్నే పక్కపక్కన పేర్చి చదరాలు చేశాడు. నాలుగు చదరాలు కలిస్తే ఒక ముక్క. అలాంటివి ఏడు రకాలు. గ్రీకులో నాలుగుకి చెప్పే ‘టెట్రా’కి తనకిష్టమైన టెన్నిస్ కలిపి టెట్రిస్ అని పేరు పెట్టాడు.

తర్వాత వదీమ్ గెరాసిమోవ్ అనే పదహారేళ్ల కుర్రాడు దాన్ని ఐబీఎం పీసీకి మార్చాడు. అక్కణ్నుంచి ఫ్లాపీల్లో చేతులు మారుతూ మాస్కో దాటింది, దేశమూ దాటింది. 1986లో హంగరీలో రాబర్ట్ స్టీన్ అనే వ్యాపారి కళ్లబడింది. ఇంగ్లండ్‌లో ఆండ్రోమెడా అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆయనది.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

లింకు డాక్యుమెంట్లు లేని ప్లాటు

మన దగ్గర ప్లాటు కొనేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? ‘లింకు డాక్యుమెంట్లు ఉన్నాయా?’ అనే కదా. అమ్మేవాడికి ఎవరు అమ్మారు, వాడికి ఎవరు అమ్మారు, చివరికి పట్టా ఎవరి పేరు మీద ఉంది అని వెనక్కి వెనక్కి వెళ్లి చూస్తారు. టెట్రిస్ విషయంలో ఆ పని ఎవరూ చెయ్యలేదు.

స్టీన్ మాస్కోకి టెలెక్స్ పంపాడు. అటునుంచి మాకూ ఆసక్తి ఉందన్న ధోరణిలో జవాబొచ్చింది. దాన్నే ఒప్పుకోలు అనుకున్నాడు. సంతకం పెట్టిన కాంట్రాక్టు చేతిలో లేకుండానే ఇంగ్లండ్‌లోని మిర్రర్‌సాఫ్ట్‌కి, అమెరికాలోని స్పెక్ట్రమ్ హోలోబైట్‌కి హక్కులు అమ్మేశాడు. 1988 మొదట్లో అమెరికాలో గేమ్ షాపుల్లోకి వచ్చేసింది. అసలు కాంట్రాక్టు మీద సంతకాలు పడింది ఆ తర్వాతే!

మిర్రర్‌సాఫ్ట్ తన వాటాని అటారీ గేమ్స్‌కి ఇచ్చింది. అటారీ గేమ్స్ జపాన్‌లో ఆర్కేడ్ హక్కుని సెగాకి ఇచ్చింది. ఇంకో దారిలో హెంక్ రోజర్స్ అనే వ్యాపారి కంపెనీ జపాన్ హక్కులు తీసుకుని, నింటెండో ఫామికామ్ మీద టెట్రిస్ క్యాసెట్ వేసింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ప్రతివాడూ తన దగ్గరుందో లేదో చూసుకోకుండా పక్కవాడికి రాసిచ్చేశాడు.

ఇంతకీ పట్టాదారు ఎవరు? పజిత్నోవ్ కాదు. సోవియట్ దేశంలో ఆయన ప్రభుత్వ ఉద్యోగి. బయటి దేశాలతో సాఫ్ట్‌వేర్ వ్యాపారం చెయ్యాల్సింది ఎలోర్గ్ అనే ప్రభుత్వ సంస్థ. ఆ సంస్థకి, గేమ్ కన్సోళ్ల మీద కూడా తమ ఆట అమ్ముడవుతోందన్న సంగతే తెలీదు.

సెగాకి చిక్కిన బంగారు బాతు

1988 చివర్లో సెగా ఆర్కేడ్ టెట్రిస్ జపాన్‌లో దిగింది. బ్రహ్మాండంగా ఆడింది. అందులో ఒక చిన్న మెరుగు ఉంది. ముక్క అడుగుకి తాకగానే అతుక్కుపోదు. పక్కకి జరుపుకోవడానికి ఒక్క క్షణం టైమిస్తుంది. ఇప్పుడు మీ ఫోన్లో టెట్రిస్ ఆడితే చివరి క్షణంలో ముక్కని సందులోకి తోస్తారు చూడండి, అదే ఇది. గేమర్లు ‘లాక్ డిలే’ అంటారు.

సరిగ్గా అదే సమయంలో, 1988 అక్టోబరు చివర్లో, సెగా కొత్త కన్సోల్ మెగా డ్రైవ్ వచ్చింది. అందులో ప్రాసెసర్ మోటరోలా 68000. ఆర్కేడ్ టెట్రిస్ నడిచే సిస్టమ్ 16 బోర్డులోనూ అదే ప్రాసెసర్. ఒక మెషీన్ కోసం రాసిన గేమ్‌ని ఇంకో మెషీన్‌కి మార్చడాన్ని పోర్టింగ్ అంటారు. మెదడు ఒకటే అయినప్పుడు ఆ పని సగం తేలికైనట్టే. ఇంకేం! బయట క్యూ కట్టి ఆడుతున్న గేమ్, ఇంట్లో పెట్టుకునే కొత్త మెషీన్, రెండూ ఒకే కంపెనీవి. ఇంతకంటే సేఫ్ ప్రాజెక్టు ఏ టీమ్‌కీ దొరకదు.

ఒక్క వాక్యం

1989 ఫిబ్రవరి. ముగ్గురు మనుషులు విడివిడిగా మాస్కోలో దిగారు. స్టీన్ ఒకరు. హెంక్ రోజర్స్ ఇంకొకరు. మిర్రర్‌సాఫ్ట్ తరఫున కెవిన్ మాక్స్‌వెల్ మూడోవారు. ముగ్గుర్నీ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి మాట్లాడింది ఎలోర్గ్ అధికారి నికొలాయ్ బెలికోవ్.

రోజర్స్ ఉత్సాహంగా తన ఫామికామ్ క్యాసెట్ తీసి చూపించాడు. బెలికోవ్‌కి మతి పోయింది. కన్సోళ్లకి మేం ఎవరికీ హక్కు ఇవ్వలేదే అన్నాడు. తర్వాత అదే క్యాసెట్‌ని మాక్స్‌వెల్ ముందు పెట్టాడు. మాక్స్‌వెల్ చూసి, ఇది పైరేటెడ్ అయ్యుంటుంది అనేశాడు. ఆ క్యాసెట్ హక్కులు తమ కంపెనీ చేతుల మీదుగానే వెళ్లాయని ఆయనకే తెలీదు పాపం.

బెలికోవ్‌కి విషయం అర్థమైంది. స్టీన్ ముందు సవరించిన కాంట్రాక్టు పెట్టాడు. అందులో కంప్యూటర్ అంటే ఏమిటో కొత్తగా రాశాడు. ప్రాసెసర్, మానిటర్, డిస్క్ డ్రైవ్, కీబోర్డు, ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నదే కంప్యూటర్. స్టీన్ ధ్యాసంతా ఆలస్యమైన చెల్లింపులకి వేసే జరిమానా మీదే ఉంది. సంతకం పెట్టేశాడు.

ఆ సంతకంతో గేమ్ కన్సోల్ కంప్యూటర్ కాకుండా పోయింది. టీవీకి తగిలించే మెషీన్‌లో కీబోర్డు ఎక్కడుంది? డిస్క్ డ్రైవ్ ఎక్కడుంది? ఆ మాటకొస్తే మీరు ఇప్పుడు ఇది చదువుతున్న స్మార్ట్‌ఫోన్ కూడా ఆ కాగితం ప్రకారం కంప్యూటర్ కాదు!

మార్చిలో కన్సోల్ హక్కులు ఎలోర్గ్ నుంచి నేరుగా నింటెండోకి వెళ్లాయి. సెగా విడుదల ఏప్రిల్‌లో. మధ్యలో ఉన్నవి కొన్ని వారాలే.

సెగా ఆపేసింది. ఆర్కేడ్ హక్కుల లెక్క వేరు కాబట్టి బయట గేమ్ సెంటర్లలో టెట్రిస్ మామూలుగానే నడిచింది. అదే కంపెనీ, అదే ఆట. వీధిలో ఆడొచ్చు, ఇంట్లో ఆడకూడదు. ఆ క్యాసెట్లలో మిగిలినవి ఇప్పుడు ప్రపంచం మొత్తమ్మీద వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. కలెక్టర్లకి అదొక కోహినూరు.

అమెరికాలో అటారీ గేమ్స్ మాత్రం ఆగలేదు. టెంగెన్ అనే తన బ్రాండ్ మీద నింటెండో మెషీన్‌కే టెట్రిస్ వేసి, మే నెలలో అమ్మకానికి పెట్టింది. నింటెండో కోర్టుకెళ్లింది. జపాన్‌లో ఆ మెషీన్ పేరే ఫ్యామిలీ కంప్యూటర్ కదా, దానికి అదనపు పరికరాలు కూడా తగిలించుకోవచ్చు కదా, కాబట్టి అది కంప్యూటరే అని టెంగెన్ వాదించింది. జడ్జి ఒప్పుకోలేదు. జూన్‌లో అమ్మకాలు ఆపమన్నారు. అమ్ముడుపోకుండా మిగిలిన క్యాసెట్లన్నీ షాపుల నుంచి వెనక్కి పోయాయి. నాలుగు వారాల ముచ్చట!

అదే ఏడాది నింటెండో అమెరికాలో గేమ్ బాయ్ డబ్బాలోనే టెట్రిస్ పెట్టి అమ్మింది. గేమ్ బాయ్ టెట్రిస్ మొత్తం మూడున్నర కోట్ల కాపీలు పోయింది. సెగా ఏం చేసింది? వేరే పజిల్ వెతుక్కుంది. 1990లో వచ్చిన ‘కాలమ్స్’ అదే.

మా టీమ్ నాలుగు రోజులు

ఈ కథ నేను పోయినేడాది చదివి ఉంటే ‘భలే ఉందే’ అని స్నేహితులకి ఫార్వర్డ్ చేసి మర్చిపోయేవాణ్ని. మా టీమ్‌కి జరిగింది జరిగాక చదివాను కాబట్టి నిద్ర పట్టలేదు.

అయిదు నెలలు కష్టపడి ఒక ఫీచర్ చేశాం. పాత బిల్లుల ఫొటోలు తీస్తే అంకెలు చదివి లెక్క కట్టేది. మా టీమ్‌లో ఉన్నది ఆరుగురం. రిలీజ్‌కి నాలుగు రోజుల ముందు లీగల్ వాళ్ల నుంచి మెయిల్. మేం వాడిన ఒక లైబ్రరీ లైసెన్సులో ‘వ్యాపారేతర అవసరాలకు మాత్రమే’ అని ఉంది. ఆ లైబ్రరీ మాకు ఇంకో టీమ్ నుంచి వచ్చింది. వాళ్లు డబ్బు కట్టారనుకున్నాం మేం. అంతకుముందు టీమ్ కట్టిందనుకున్నారు వాళ్లు. మొదట తెచ్చినతను కంపెనీ మారి రెండేళ్లయింది.

టెస్టులన్నీ పాసయ్యాయి. డెమో చూసి క్లయింటు చప్పట్లు కొట్టాడు. ఫీచర్ మాత్రం పక్కనబెట్టేశారు. లైబ్రరీ మార్చి మళ్లీ రాద్దామంటే టైమ్ లేదు, క్లయింటు వేరే దారి చూసుకున్నాడు. నా పక్క సీటు అబ్బాయికి అది మొదటి ఉద్యోగంలో మొదటి ప్రాజెక్టు. ‘అన్నా, ఇప్పుడు నా రెజ్యూమెలో ఏం రాసుకోవాలి?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

బగ్ అయితే రాత్రంతా కూర్చుని పట్టుకుంటాం. కాగితంలో తప్పుంటే కోడ్ రాసేవాడు చెయ్యగలిగిందేమీ లేదు, ఎందుకంటే ఆ తప్పు వాడి స్క్రీన్ మీద కనపడదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘ఐ అగ్రీ’ అని కళ్లు మూసుకుని నొక్కేస్తాం చూడండి, మన పని ఆగిపోయే వాక్యం అక్కడే ఎక్కడో ఉంటుంది.

పదిహేడేళ్ల తర్వాత

టెట్రిస్ చేసిన మనిషికి ఏం దక్కింది అంటారా? చాలా ఏళ్లు ఏమీ దక్కలేదు. పజిత్నోవ్ 1991లో అమెరికా వెళ్లాడు. 1996లో హెంక్ రోజర్స్‌తో కలిసి టెట్రిస్ కంపెనీ పెట్టాకే తన ఆట మీద రాయల్టీ చూశాడు. ఆట పుట్టిన పన్నెండేళ్లకి!

సెగా పోర్ట్ కథకి కూడా చివర్లో ఒక మలుపుంది. 2001లో సెగా కన్సోళ్లు చెయ్యడమే మానేసింది. 2006లో తన పాత టెట్రిస్‌లన్నీ కలిపి జపాన్‌లో ఒక కలెక్షన్ వేసింది. అందులో 1989 నాటి మెగా డ్రైవ్ వెర్షన్ కూడా ఉంది. ఏ మెషీన్ మీదనుకున్నారు? సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 2 మీద. ఆ తర్వాత 2019లో మెగా డ్రైవ్ మినీ అని చిన్న కన్సోల్ వచ్చింది. దానికోసం ఎం2 అనే కంపెనీ టెట్రిస్‌ని కొత్తగా చేసిచ్చింది. మెగా డ్రైవ్ పేరున్న డబ్బాలో సెగా టెట్రిస్ అధికారికంగా ఇంటికి చేరడానికి ముప్పయ్యేళ్లు పట్టింది.

ఇది చదివిన మర్నాడు ఆఫీసులో మా పాత రెపో తెరిచాను. ఫీచర్ బ్రాంచ్ అలాగే ఉంది. ఎవరూ డిలీట్ చెయ్యలేదు. పక్క సీటు తమ్ముణ్ని పిలిచి, ఆ లైబ్రరీ ఎక్కడెక్కడ వాడామో లిస్టు రాయమన్నాను. మొత్తం పదకొండు చోట్ల తేలింది. శనివారాలు కూర్చుని ఒక్కొక్కటీ మార్చుకుంటూ వస్తున్నాం. ఇప్పటికి మూడు అయ్యాయి. కొత్తగా పెట్టే ప్రతి లైబ్రరీకీ ముందు లైసెన్సు ఫైల్ తెరిచి, మొదటి లైను నుంచి చివరి లైను దాకా వాడి చేతే పైకి చదివిస్తున్నాను.