నాలుగడుగుల టైలు కింద నేల

షోరూంలో నిలబెట్టినప్పుడు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు టైలు అద్దంలా ఉంటుంది. అదే టైలు హాల్లో పరిచాక, సాయంత్రం కిటికీలోంచి ఏటవాలుగా ఎండ పడితే చాలు, లేచిన అంచులన్నీ నీడలతో బయటపడతాయి. ఒక మూల బొటనవేలికి తగులుతుంది. ఇంటివాళ్లు మేస్త్రీని తిడతారు, ఆపైన కంపెనీని తిడతారు. చాలాసార్లు అసలు తప్పు కింద కాంక్రీటులో ఉంటుంది.

చిన్న టైలుకి ఓర్పెక్కువ. అడుగు టైళ్ల వరస నేల మిట్టపల్లాల వెంట తలా కాస్త సర్దుకుపోతుంది. దాదాపు 15 కిలోల పెద్ద పలక అలా సర్దుకోదు. మిట్ట మీద ఊగుతుంది, పల్లం మీద డొల్ల మిగులుస్తుంది. ఆ డొల్ల మీద బీరువా కాలు ఆనితే పగులే.

తాండూరు, బేతంచెర్ల బండలు పరిచిన మేస్త్రీలకు ఇంత బెంగ ఉండేది కాదు. బండ మందం ఎలా ఉన్నా కింద మాలు దండిగా వేసి, పైన తట్టి మట్టానికి తెచ్చేవారు. నేల తప్పులన్నీ ఆ మాలు కడుపులో దాచుకునేది. విట్రిఫైడ్ టైలు సంగతి వేరు. అది పీల్చే నీరు తన బరువులో అర శాతం మించదు కాబట్టి ఉత్త సిమెంటు పాలతో గట్టిగా పట్టదు, జిగురు కావాలి. ఆ జిగురు మందం కొన్ని మిల్లీమీటర్లే. దాంతో పల్లాలు పూడ్చబోతే ఆరేటప్పుడు కుంచించుకుపోయి టైలును కిందికి లాగుతుంది.

ఎంత చదును ఉండాలి? ఒక వైపైనా 15 అంగుళాలకు తగ్గని టైళ్లకు అమెరికా ప్రమాణం చెప్పే లెక్క ఇది: పదడుగుల దూరంలో తేడా 3 మిల్లీమీటర్లు దాటకూడదు. ఇక్కడ మట్టం వేరు, చదును వేరు. వాలున్న నేల కూడా చదునుగా ఉండొచ్చు. రసమట్టం ఒక్కటే పెట్టి చూసి సరే అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. పదడుగుల అల్యూమినియం బద్దను అన్ని దిక్కులా తిప్పి, సందు కనబడిన చోట సుద్దతో గీయాలి. మిట్టలను గ్రైండరుతో అరగదీయాలి. పల్లాలకు ప్రైమర్ పూసి సెల్ఫ్ లెవలింగ్ మిశ్రమం పోయాలి.

చదును కుదిరినా తేమ మిగిలే ఉంటుంది. కొత్త కాంక్రీటుకు కనీసం 28 రోజులు గడువివ్వాలి. ఆ తర్వాత అడుగున్నర ప్లాస్టిక్ షీటు పరిచి, నాలుగంచులా టేపు వేసి, 16 గంటలాగి ఎత్తి చూడాలి. కింద చెమట పట్టినా, కాంక్రీటు రంగు ముదిరినా ఇంకా ఆగాల్సిందే. భూగర్భ జలం పైపైనే ఉండే డెల్టా ఊళ్లలో కింది అంతస్తుకు ఈ పరీక్ష మానకూడదు.

తర్వాత శుభ్రత. పెయింటు మరకలు, నూనె, పైకి తేలి గట్టిపడిన సిమెంటు పాలపొర జిగురును పట్టనివ్వవు. నేల మీద నీళ్లు చిలకరిస్తే ఇంకిపోవాలి. తామరాకు మీద బొట్టులా నిలిస్తే ఆ పొర గీకేయాలి. ఇనుప చువ్వతో తట్టినప్పుడు గుల్ల మోత వచ్చిన పెచ్చులను మొహమాటం లేకుండా కొట్టేయాలి. పగులుకు అటూ ఇటూ ఎత్తు తేడా ఉంటే అది ఇంజనీరు చూడాల్సిన పని.

మొదటి టైలు అతికించగానే దాన్ని పెకలించి వెనక్కి తిప్పి చూసే మేస్త్రీలు కొందరున్నారు. చూసేవాళ్లకు అది దండగ పనిలా అనిపిస్తుంది. టైలు వీపు మీద ఎక్కడైనా జిగురంటని మచ్చ కనిపిస్తే, వాళ్లు మళ్లీ బద్ద అందుకుంటారు.