నెత్తురు బొట్టు తీసినంత మాత్రాన ‘ట్రయల్’ కాదు

ఉట్నూరు, జైనూరు, తిర్యాణి వైపు గూడేల్లో సికిల్ సెల్ పరీక్షల శిబిరం అంటే చాలు, ఆరోగ్య సిబ్బంది కంటే ముందే ఒక మాట ఇల్లిల్లూ తిరుగుతుంటుంది: “మన మీద మందులు ట్రై చేస్తున్నరట.” దాని వెనకే ఇంకొకటి: “మన నెత్తురు పట్నం తీస్కపోయి అమ్ముకుంటరట.” ఆ మాట నమ్మిన ఇంటి పిల్లలు శిబిరానికి రారు. ఆశా కార్యకర్త గడప దగ్గర నిలబడి ఎంత బతిమాలినా ఫలితం ఉండదు.

ఈ పుకారు ఖరీదు చిన్నది కాదు. సికిల్ సెల్ వారసత్వంగా వచ్చే రక్తపు జబ్బు. ఆ జన్యులోపం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చేరితేనే బిడ్డకు జబ్బు. ఒక్కటే ఉన్నవాళ్లు క్యారియర్లు. మామూలుగా వాళ్లకు ఒంట్లో ఏ బాధా ఉండదు కాబట్టి పరీక్ష చేస్తే తప్ప ఆ సంగతి బయటపడదు. ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఎముకల్లో, కీళ్లలో ప్రాణం తోడేసే నొప్పులు, తరగని రక్తహీనత, మాటిమాటికీ ఆసుపత్రి: భయపడి ఎగ్గొట్టిన ఒక చిన్న పరీక్షకు ఆ బిడ్డ చెల్లించే మూల్యం ఇది.

భయం ఊరికే పుట్టలేదు. 2017లో కరీంనగర్ జిల్లా జమ్మికుంట, హుజూరాబాద్ ప్రాంతాల వార్తలు రాష్ట్రమంతా చదివింది. పనుల్లేని యువకులనూ కూలీలనూ మధ్యవర్తులు డబ్బు ఆశ చూపి పెద్ద నగరాల్లోని ఔషధ పరీక్ష కేంద్రాలకు తీసుకెళ్లారన్నది ఆరోపణ. అలా వెళ్లొచ్చినవారిలో ఒకరు చనిపోయారని, మరికొందరు జబ్బున పడ్డారని కుటుంబాలు గోడు వెళ్లబోసుకున్నాయి. ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. ఆనాటి నుంచి ‘క్లినికల్ ట్రయల్’ అనే మాట ఊళ్లలో బూతుమాటతో సమానమైంది. అక్కడితో ఆగినా బాగుండేది. సర్వే, స్టడీ, స్క్రీనింగ్, ప్రాజెక్టు, శాంపిల్ అన్నీ అదే గాటన కట్టేశారు. సూది కనిపిస్తే ట్రయల్, సంతకం అడిగితే ట్రయల్. అపోహ పుట్టింది ఇక్కడే.

జమ్మికుంట యువకులు వెళ్లినవి ఎలాంటి పరీక్షలో ముందు తెలుసుకోవాలి. వాటిని బయో ఈక్వివలెన్స్ స్టడీలంటారు, క్లుప్తంగా బీఈ. మార్కెట్లో ఉన్న ఒక మందుకు మరో కంపెనీ జెనరిక్ తయారు చేస్తుంది. ఆ కొత్త మాత్ర కూడా రక్తంలోకి అంతే వేగంగా, అంతే మోతాదులో చేరుతోందా లేదా తేల్చడమే దీని పని. ఇందుకు సాధారణంగా ఆరోగ్యవంతులనే తీసుకుంటారు. ముందురోజు రాత్రే కేంద్రంలో చేర్చుకుంటారు. తెల్లారి పరగడుపున మాత్ర మింగిస్తారు. చేతికి పెట్టిన క్యాన్యులా లోంచి గంటల వారీగా రక్తం తీస్తూనే ఉంటారు. ఒక్క విడతలోనే పదిహేను, ఇరవై సార్లు దాకా. కొన్ని రోజుల విరామం తర్వాత రెండో మాత్రతో మళ్లీ అదే తంతు. పాల్గొన్నందుకు డబ్బు ఇస్తారు. ఒకసారి పాల్గొన్నవాళ్లు మళ్లీ కొన్ని నెలలు, మామూలుగా మూడు నెలలు, ఇంకో పరీక్షకు వెళ్లకూడదు. డబ్బు అవసరం తరుముతున్నప్పుడు, మధ్యలో దళారి ఉన్నప్పుడు ఈ కట్టుబాటే ముందు తెగుతుంది. అక్కడే ప్రాణాల మీదికి వస్తుంది.

ఇక గూడెంలో జరిగేది చూడండి. వేలి కొసన చిన్న పోటు. పొడుచుకొచ్చిన నెత్తురు బొట్టును సన్నటి గాజు ట్యూబులో ఉన్న ద్రావణంలో కలుపుతారు. కొన్ని నిమిషాలాగి ఆ ట్యూబును నల్లగీతలున్న కాగితం ముందు పట్టి చూస్తారు. గీతలు స్పష్టంగా కనిపిస్తే సికిల్ హిమోగ్లోబిన్ లేనట్టు. ద్రావణం మసకబారి గీతలు కనిపించకపోతే ఉన్నట్టు. దీన్నే సాల్యుబిలిటీ టెస్ట్ అంటారు. క్యారియరా, రోగియా అన్నది ఈ పరీక్ష చెప్పలేదు. అందుకే పాజిటివ్ వచ్చినవాళ్ల రక్తం మరికాస్త తీసి హెచ్‌పీఎల్‌సీ వంటి నిర్ధారణ పరీక్షకు పంపుతారు. పట్నం పోయే ట్యూబుల రహస్యం ఇంతే. ఈ మొత్తంలో ఎవరూ ఎవరితోనూ మాత్ర మింగించరు, మందు ఎక్కించరు. మందే లేనిచోట మందు ట్రయల్ ఎలా అవుతుంది? బొట్టు నెత్తురును కొనేవాడెవడు?

పైగా ఇది పరిశోధన కూడా కాదు. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ ఎనీమియా నిర్మూలన మిషన్‌లో భాగం. గిరిజన జనాభా ఎక్కువగా ఉన్న 17 రాష్ట్రాల్లో 40 ఏళ్ల లోపువారు 7 కోట్ల మందిని పరీక్షించాలన్నది లక్ష్యం. ఆ 17 రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. పోలియో చుక్కల లాంటి ఆరోగ్య కార్యక్రమం. దీన్ని స్క్రీనింగ్ అంటారు.

స్క్రీనింగ్‌కూ స్టడీకీ ట్రయల్‌కూ మధ్య తేడా పండితుల కోసం పెట్టింది కాదు. ఊళ్లోకి వచ్చిన మనిషికి ఏ పని చేసే హక్కుందో, ఏదైనా తేడా జరిగితే ఎవరు జవాబు చెప్పాలో ఆ మాటే నిర్ణయిస్తుంది. అబ్జర్వేషనల్ స్టడీ అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు చూడటం: బరువు, ఎత్తు, తిండి, రక్తం, జబ్బు వివరాలు రాసుకుంటారు. మీరు తినే తిండిని గానీ వాడే మందును గానీ మార్చరు. ఇంటర్వెన్షన్ అన్నారంటే ఏదో ఒకటి మారుస్తారు. అది పోషకాహారం కావచ్చు, అవగాహన కార్యక్రమం కావచ్చు, మందు కావచ్చు. కొత్త మందును మనుషుల మీద పరీక్షిస్తే క్లినికల్ ట్రయల్. 2019 మార్చిలో వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వీటిని వేరువేరు దారుల్లో నడిపిస్తున్నాయి. ట్రయల్‌కు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి కావాలి, పాల్గొనేవాళ్ల క్షేమం కోసం దాన్ని పరిశీలించే ఎథిక్స్ కమిటీ అక్కడే నమోదై ఉండాలి. ట్రయల్ వల్ల ఎవరికైనా హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. మిగతా వైద్య పరిశోధనలను చూసే ఎథిక్స్ కమిటీలు కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం దగ్గర నమోదు కావాలి. అన్నింటినీ ‘ప్రయోగం’ అని ఒకే పేరుతో పిలిచేవాళ్లు తమకే అన్యాయం చేసుకుంటున్నారు. వేలి పోటుకు వణికిపోయే మనిషికి, తన కొడుకు హైదరాబాద్‌లో సంతకం పెట్టిన కాగితంలో ఏముందో అడగాలన్న ఆలోచనే రాదు.

అయితే ఒక్క విషయం ఒప్పుకోక తప్పదు. ‘పేరు మార్చి ట్రయల్స్ చేస్తారు’ అన్న అనుమానం పూర్తిగా గాలివాటం కాదు. ఈ నేల మీదే అది జరిగింది. 2009 జూలైలో అప్పటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకా, అదే హెచ్‌పీవీ టీకా వేశారు. వాళ్లలో ఎందరో ఆశ్రమ పాఠశాలల పిల్లలు. పాత్ అనే అమెరికా సంస్థ చేపట్టిన ఆ ప్రాజెక్టులో భారత వైద్య పరిశోధన మండలికీ (ఐసీఎంఆర్) రాష్ట్ర ప్రభుత్వానికీ పాత్ర ఉంది. కాగితాల మీద దాని పేరు ‘డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు’. కొందరు బాలికల మరణాల తర్వాత 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. టీకా వల్లే చనిపోయారనడానికి విచారణలో ఆధారాలు దొరకలేదు. కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో గట్టిగానే నిలదీసింది: జరిగింది క్లినికల్ ట్రయలేననీ, నిబంధనల నుంచి తప్పించుకోవడానికే ఇంకో పేరు పెట్టారనీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 చోట్ల సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. ఆ పిల్లల తల్లిదండ్రులను అడగాలన్న ఇంగితం అంతమంది చదువుకున్నవాళ్లలో ఎవరికీ లేకపోవడం క్షమించరానిది. ఆ టీకా మంచిదే. ఇవాళ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆడపిల్లలకు దాన్ని సిఫార్సు చేస్తోంది. చెడ్డది అంగీకారం తీసుకున్న తీరు, కాగితం మీద రాసిన పేరు. కాబట్టి గూడెంలో పెద్దమనిషి ‘దీని అసలు పేరేంది?’ అని అడిగితే ఏ అధికారీ విసుక్కోకూడదు. అడిగే హక్కును ఖమ్మం ఆడపిల్లలు సంపాదించి పెట్టారు.

మిగతా అపోహలకు ఇంత వివరణ అక్కర్లేదు. జబ్బు లేనివాళ్ల నెత్తురు తీస్తున్నారంటే మోసమేనట. కాదు, జబ్బున్నవాళ్లతో పోల్చి చూడటానికి లేనివాళ్లూ కావాలి, వాళ్లను కంట్రోల్స్ అంటారు. ఎక్స్‌ట్రామ్యూరల్ గ్రాంటు అంటే విదేశీ డబ్బట. కాదు, ఐసీఎంఆర్ తన సొంత సంస్థలకు కాకుండా బయటి కాలేజీలకు, యూనివర్సిటీలకు ఇచ్చే డబ్బు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లాంటి సొంత సంస్థల్లో ఖర్చు పెట్టేది ఇంట్రామ్యూరల్. నమూనాలను ఎవరుపడితే వాళ్లు విదేశాలకు పంపుతున్నారట. విదేశీ భాగస్వామ్యం ఉన్న ఆరోగ్య పరిశోధన ఏదైనా కేంద్ర ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ గడప దాటి రావాల్సిందే. పరిశోధనకు బాధ్యుడైన ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్ గ్రాంటు డబ్బు జేబులో వేసుకుంటాడట. ఆ డబ్బు వచ్చేది సంస్థ ఖాతాకు, ఖర్చు లెక్కతో యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇస్తే తప్ప తర్వాతి విడత రాదు. లెక్క తప్పేవాళ్లు ఉంటే పట్టుకోవడానికే ఆ కాగితం.

ఇంకో అపోహ మాత్రం చదువుకున్న పిల్లల గొంతు కోస్తోంది. ఐసీఎంఆర్ ప్రాజెక్టులో పోస్టు వస్తే సర్కారు కొలువు వచ్చినట్టేనని, నాలుగేళ్లు ఓపిక పడితే పర్మినెంట్ అవుతుందని కరీంనగర్, మంచిర్యాల కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగే డిగ్రీ పిల్లలు నమ్ముతారు. ఆ నమ్మకం మీదే దళారులు బతుకుతారు. ప్రాజెక్ట్ టెక్నికల్ సపోర్ట్, ప్రాజెక్ట్ రీసెర్చ్ సైంటిస్ట్ అనే పేర్లలో మొదటి మాట అలంకారానికి పెట్టలేదు. ప్రాజెక్టు ముగిసిన రోజే పోస్టూ ముగుస్తుంది. రెగ్యులరైజ్ చేయమని అడిగే హక్కు ఉండదని నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. ఆ పేజీ చదవకుండా దళారి చేతిలో లక్షలు పెట్టిన తండ్రిని చూసి జాలిపడాలో కోప్పడాలో తెలియదు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సంగతీ అంతే. అది ఉద్యోగం కాదు, పరిశోధన నేర్చుకుంటున్న కాలానికి ఇచ్చే ఫెలోషిప్. 2023 జనవరి నుంచి నెలకు రూ.37,000, రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలో అయితే రూ.42,000, దానిపై ఇంటి అద్దె భత్యం. జాతీయ పరీక్ష రాసి గెలుచుకున్న జేఆర్‌ఎఫ్ వేరు, ఒక ప్రాజెక్టు కింద కొన్నాళ్ల కోసం తీసుకునే జేఆర్‌ఎఫ్ వేరు. మొదటిది మీతోపాటే వస్తుంది, రెండోది ప్రాజెక్టును దాటి రాదు. చేరే ముందు అడగాల్సినవి మూడు: ఈ ప్రాజెక్టుకు ఇంకా ఎన్ని నెలలు మిగిలాయి, జీతం ఎవరి ఖాతా నుంచి వస్తుంది, పీహెచ్‌డీకి నమోదు చేయిస్తారా. నియామకానికి డబ్బు అడిగితే అక్కడే లేచి వచ్చేయాలి.

ఊళ్లోకి వచ్చినవాళ్లను అడగాల్సినవీ ఉన్నాయి. ఇది స్క్రీనింగా, స్టడీయా, ట్రయలా? స్టడీ అయితే ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్ ఎవరు, ఏ ఎథిక్స్ కమిటీ అనుమతించింది? ట్రయల్ అయితే సీటీఆర్ఐ నంబరెంత? క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో (సీటీఆర్ఐ) నమోదు 2009 జూన్ నుంచి తప్పనిసరి, ఆ వెబ్‌సైట్‌ను ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఫోన్ పట్టుకునే ఇంటర్ పిల్లాడు రెండు నిమిషాల్లో వెతికి పెడతాడు. సమాచార పత్రం, సంతకం పెట్టిన అంగీకార పత్రం నకలు ఇంట్లో ఉంచుకోవాలి. మధ్యలోనే మానేసే హక్కు ఎప్పుడూ ఉంటుంది, మానేసినంత మాత్రాన ఆసుపత్రిలో వైద్యం ఆపకూడదు. ప్రభుత్వ గ్రాంటుతో జరిగే స్టడీల్లో సాధారణంగా దక్కేది దారి ఖర్చు, పోయిన కూలి. ఎవరైనా వేలకు వేలు ఇస్తాం, రెండు రాత్రులు పడుకుంటే చాలు అంటే అది మరో వ్యవహారమని వెంటనే గుర్తుపట్టాలి.

ఊరికి ఇవన్నీ విడమరిచి చెప్పే బాధ్యతలో సగం ఇప్పుడు ఇక్కడి వైద్య విద్యార్థులదే. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండం, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరుచుకున్నాయి. ఆదిలాబాద్ రిమ్స్ అంతకు ముందే ఉంది. వీటి విద్యార్థులు ఐసీఎంఆర్ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. 1979లో మొదలైన ఈ పథకంలో ఎంబీబీఎస్ చదువుతుండగానే రెండు నెలల పాటు ఒక చిన్న పరిశోధన చేయొచ్చు. ఆ పిల్లలు మొదటిసారి ఇంద్రవెల్లికో కెరమెరికో ప్రశ్నావళి పట్టుకుని వెళ్లినప్పుడు తెలుగులో అచ్చేసిన సమాచార పత్రం చాలనుకోకూడదు. గోండి, కొలామి మాత్రమే హాయిగా మాట్లాడే అవ్వలకు ఆ భాషల్లోనే చెప్పగలిగే మనిషిని వెంట తీసుకెళ్లాలి. చదువు రానివాళ్ల వేలిముద్ర తీసుకునేటప్పుడు పరిశోధన బృందంతో సంబంధం లేని సాక్షి పక్కన కూర్చోవాలని ఐసీఎంఆర్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఏడేళ్లు దాటిన పిల్లలైతే తల్లిదండ్రుల అంగీకారంతో పాటు వాళ్ల సమ్మతీ అడగాలి. పన్నెండు దాటితే అది రాతలో ఉండాలి. ఆశ్రమ పాఠశాలలో వార్డెన్ సంతకంతో పని కానిచ్చే అలవాటు ఇంకెక్కడ కనిపించినా ఆ విద్యార్థే తన గైడ్‌కు చెప్పాలి, గైడ్ వినకపోతే సమాచార పత్రం చివర ఉన్న ఎథిక్స్ కమిటీ నంబరుకు ఫోన్ చేయాలి.