కెమేరా కన్ను, టేపు వ్రాత

మాఘ ఫాల్గుణ మాసములలో దర్శి పరిసర గ్రామములకు పోవువారికి మిరప కళ్లములు బాటకు ఇరువైపుల కానవచ్చును. నాగార్జునసాగరు కుడికాలువ నీరు పాఱిన మేర మిరపయు ప్రత్తియు ప్రక్కప్రక్కనే పండు నేల అది. ఆరవేసిన కాయలను చూచినచో ప్రతి కాయ ముడుతయు, తొడిమయు, నడుమ నడుమ తెల్లబాఱిన తాలుకాయయు కంటికి విడివిడిగా తోచును. అదే కళ్లమును 2006, 2007 ప్రాంతముల వాడుకలోనున్న హెచ్.డి.వి. కెమేరాతో పట్టి పెద్ద తెఱపై చూపినచో, బాటయు, చెట్టును, బండియు చక్కగా నుండగా, మిరపరాశి మాత్రము అంచులు చెఱిగి పారాణి ఒలికినట్లు ముద్దకట్టి అగపడును. ఫోకసు తప్పినదని కెమేరా పట్టినవానిని నిందింతురు. వాని దోషమేమియు లేదు. దోషము ఆ యంత్రము వ్రాసిన వ్రాతలో నున్నది.

వీడియో కెమేరాకు పనులు రెండు. మొదటిది చూచుట, రెండవది చూచినదానిని వ్రాసియుంచుట. అంగడిలో కెమేరా కొనువారికి మొదటి పనిని గూర్చియే అంకెలు చెప్పుదురు. రెండవ పనిని గూర్చి అడుగువారు తక్కువ, చెప్పువారు మఱియు తక్కువ. ఆ వ్రాత యొక్క పద్ధతినే ఫార్మాటు అందురు. తెలుగున దానిని కెమేరా లిపి యనిన తప్పు లేదు. భాష ఒక్కటే యైనను లిపి మాఱినచో చదువుకొనువాడును మాఱవలెను గదా!

హై డెఫినిషన్ చిత్రమనగా అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు గల బొమ్మ. మొత్తము 20,73,600 చుక్కలు. ఈ దేశపు టెలివిజను పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు. సామాన్యమైన నాణ్యముతో వీనిని ఉన్నవున్నట్లు వ్రాయవలెనన్న సెకనుకు సుమారు 83 కోట్ల బిట్లు కావలెను. హెచ్.డి.వి. టేపుపై పట్టునది సెకనుకు రెండున్నర కోట్లు. అనగా ముప్పదిమూడింట ఒక పాలు! తక్కిన ముప్పదిరెండు పాళ్లును టేపునకు చేరకముందే కెమేరా కడుపులో పరిహరింపబడుచున్నవి.

జిన్నింగు మిల్లులలో ప్రత్తిని అదిమి 170 కిలోల బేళ్లుగా కట్టుట ఈ ప్రాంతపు విద్యార్థులు ఎఱిగినదే. కెమేరా చేయునదియు అట్టిదేనని పలువురు తలంతురు. కాని బేలు కట్టు విప్పినచో దూది తిరిగి పొంగును. కెమేరా అదిమినది తిరిగి పొంగదు. తెఱపై కనబడు నిండుతనము, పోయినదాని స్థానమున యంత్రము ఊహించి నింపినది మాత్రమే.

ఏమి పాఱవేయవలెను అనుదానిలోనే ఒక లిపికిని మఱియొక లిపికిని భేదము. హెచ్.డి.వి. పద్ధతిని 2003లో జె.వి.సి., సోనీ, కేనన్, షార్ప్ సంస్థలు నాలుగును కూడి ప్రకటించినవి. వారి ఉద్దేశము మెచ్చదగినది: అప్పటికే ఊరూర దొరకుచున్న మినీ డి.వి. క్యాసెట్టు పైననే హై డెఫినిషన్ చిత్రమును ఇఱికింపవలెను. అందులకై వారు మొదట అడ్డపు చుక్కలను 1920 నుండి 1440కి తగ్గించిరి. చూపునపుడు సాగదీయుదురు. ఇది పెద్ద నష్టము కాదు. సోనీ వారి ఖరీదైన హెచ్.డి.క్యామ్ లిపియు, 1997 నుండియు, 1440 చుక్కలనే వ్రాసినది.

రెండవ త్యాగము రంగులలో జరిగినది. బాలుడు గళ్ల కాగితముపై బొమ్మ గీయునపుడు పెన్సిలు గీతను ప్రతి గడిలోను జాగ్రత్తగా దిద్ది, రంగును మాత్రము నాలుగేసి గళ్లకు ఒక్క కుంచెపెట్టుగా పూసినట్లు, హెచ్.డి.వి. వెలుగునీడలను ప్రతి చుక్కకును వ్రాసి, రంగును నాలుగు చుక్కలకు ఒక్కసారి వ్రాయును. దీనినే ఆ వృత్తివారు 4:2:0 అందురు. మనుష్యనేత్రము వెలుగునీడల భేదమును పట్టినంత సూక్ష్మముగా రంగుల భేదమును పట్టజాలదు కనుక ఈ మోసము సాగుచున్నది. అయితే హై డెఫినిషన్ లెక్కలో వెలుగును నూఱు పాళ్లుగా పంచినచో ఆకుపచ్చకు సుమారు 72, ఎఱుపునకు 21, నీలమునకు 7 పాళ్లు దక్కును. పచ్చని వరిచేనిలోని ప్రతి ఆకును వెలుగుగీతయే కాపాడును. చిక్కని ఎఱుపులోని వివరము చాలవఱకు రంగుగీతపై ఆధారపడియుండును. ఆ రంగుగీతయే నాలుగింట ఒక వంతునకు తగ్గినది. కళ్లములో కాయలు ముద్దకట్టుటకు, పెండ్లికూతురి ఎఱ్ఱచీర జరీ అంచు చెదరుటకు కారణమిదియే. 4:2:2 అను లిపులలో రంగు రెండు చుక్కలకు ఒకసారి వ్రాయబడును. అచ్చట ఎఱుపునకు ఊపిరి కొంత ఎక్కువ.

మూడవ త్యాగము కాలములో. ఉపాధ్యాయుడు హాజరుపట్టీలో మొదటి గంటకు అందఱి పేర్లను వ్రాసి, తరువాతి గంటలలో వచ్చినవారిని, వెళ్లినవారిని మాత్రమే గుర్తించెననుకొందము. కాగితము మిగులును. కాని మొదటి పుట చినిగినచో తరువాతి గుర్తులకు అర్థము లేదు. హెచ్.డి.వి. ఈ పద్ధతినే అనుసరించినది. ఈ దేశపు ప్రమాణమున పండ్రెండు బొమ్మలకు ఒక్కటి మాత్రమే సంపూర్ణము. తక్కినవి మార్పుల పట్టికలు. టేపుపై దుమ్ముకణము అడ్డుపడి ఆ సంపూర్ణచిత్రము చెడినచో దాదాపు అరసెకను దృశ్యము పోవును. పాత డి.వి. టేపులో ప్రతి బొమ్మయు స్వతంత్రము కనుక అదే దుమ్ము ఒక్క బొమ్మలో ఒక మూల గడి చెఱచి ఊరకుండును. పెండ్లి నాలుగు గంటలు జరిగినను జీలకఱ్ఱ బెల్లము తలపై నిడు క్షణము ఒక్కటే. ఆ అరసెకను అచ్చట పోయినచో ఏ మిక్సింగువాడును దానిని తిరిగి తేలేడు.

2005 మొదలు మూడేండ్లలో ఈ వృత్తివారి ముందు నిలిచిన మూడు కెమేరాలను పోల్చినచో కన్నుకును వ్రాతకును గల పోరు చక్కగా తెలియును. సోనీ వారి హెచ్.వి.ఆర్-జడ్ 1 హెచ్.డి.వి. టేపుపై వ్రాసెడిది. ఒక్క క్యాసెట్టుకు గంట. క్యాసెట్టు ఏ పట్టణమందైనను దొరకును. పానసోనిక్ వారి హెచ్.వి.ఎక్స్ 200 అదే యేడు వచ్చినది. దాని డి.వి.సి. ప్రో హెచ్.డి. లిపి సెకనుకు పది కోట్ల బిట్లు వ్రాయును, ప్రతి బొమ్మయు స్వతంత్రము, రంగు 4:2:2. వ్రాతలో జడ్ 1 దానికి సాటి రాదు. చిత్రమేమనగా, దాని కంటి పలకలు ఒక్కొక్కదానిలో 960కి 540 చుక్కలే. మూడు పలకలను ఒక్కింత ప్రక్కకు జరిపి ఆ కొఱతను పూడ్చిరి. జడ్ 1 పలకలలో 960కి 1080 చుక్కలుండెడివి. ఒకడు సన్నగా చూచి బిగపట్టి వ్రాసినాడు. రెండవవాడు ముతకగా చూచి ధారాళముగా వ్రాసినాడు.

పానసోనిక్ యంత్రము టేపును విడిచి పీ2 అను కార్డుపై వ్రాసెడిది. నాడు దొరకిన ఎనిమిది గిగాబైట్ల కార్డు నిండుటకు ఎనిమిది నిమిషములు చాలును. తలంబ్రాలు ముగియకముందే కార్డు ముగియును! వెంట ఒకడు కంప్యూటరు పట్టుకొని కూర్చుండి కార్డులు ఖాళీ చేయుచుండవలెను. పల్లెటూరి పందిరిలో, కరెంటు నిలుకడ లేనిచోట, ఎంత మేలైన లిపియైనను ఇట్టి కెమేరా పనికివచ్చునది కాదు. 2007లో వచ్చిన సోనీ పి.ఎం.డబ్ల్యు-ఈఎక్స్ 1 ఈ చిక్కును చాలవఱకు తీర్చినది. పదునాఱు గిగాబైట్ల కార్డుపై సుమారు 50 నిమిషములు. నిండు 1920 చుక్కలు. అర అంగుళపు పెద్ద కంటిపలకలు. అర్ధరాత్రి ముహూర్తములకు ఆ పెద్ద కన్ను ఎంతో మేలు. ఐనను వ్రాతలో రంగు మరల 4:2:0 యే. మఱొక చిక్కు కూడ కలదు. దాని సీమాస్ పలక బొమ్మను ఒక్కసారిగా గాక పైవరుస నుండి క్రిందికి వరుసగా చదువును. మాంగల్యధారణవేళ ఫొటోగ్రాఫరు ఫ్లాషు వెలిగించినచో బొమ్మలో సగము తెల్లబాఱి, సగము చీకటిగా నిలుచును. పాత సి.సి.డి. పలకలకు ఈ దోషము లేదు. ఫొటోలవారు లేని పెండ్లి లేదు గనుక ఈ దోషము చిన్నది కాదు.

నష్టములన్నియు వ్రాతవి కావు. మిట్టమధ్యాహ్నము ప్రత్తిచేలో కూలీల ముఖములకు సరిపోవునట్లు వెలుగు పెట్టినచో దూదికాయ వట్టి తెల్లమచ్చగా మాడిపోవును. అది కంటి దోషము. కన్ను చూడని దానిని ఏ లిపియు వ్రాయజాలదు. ఆకాశపు నీలము పలుచనగుచోట మెట్లు మెట్లుగా విఱుగుట మాత్రము చాలవఱకు లిపి దోషమే. ఎనిమిది బిట్ల వ్రాతలో ఒక్కొక్క వన్నెకు 256 మెట్లు. పానసోనిక్ 2007లో తెచ్చిన ఏ.వి.సి. ఇంట్రాలో పది బిట్లు, 1024 మెట్లు.

ఈ తారతమ్యములు సినిమావారిని కూడ విడువలేదు. హెచ్.డి.క్యామ్ కెమేరాతో తీసిన స్టార్ వార్స్ చిత్రము 2002లో విడుదలయి, ఫిలిము లేకయు పెద్ద తెఱను నింపవచ్చునని చూపినది. తెలుగున 2011లో రామగోపాలవర్మ "దొంగల ముఠా"ను కేనన్ 5డి అను ఫొటో కెమేరాలతో ఐదు దినములలో చిత్రించినాడు. ఆ కెమేరా కన్ను పాత ఫిలిము చట్రమంత పెద్దది. వ్రాత మాత్రము 4:2:0, ఎనిమిది బిట్లు. పెద్ద కన్ను చూపిన మసక నేపథ్యపు సొగసునకు పెండ్లివీడియోలవారు కూడ లోబడి, కొలదియేండ్లలో భుజముపై మోయు కెమేరాలను మూలకు నెట్టిరి. అదే 2011 మార్చిలో జపానును ముంచిన భూకంపమును సునామీయు సెందాయి సమీపమునగల సోనీ టేపు కర్మాగారమును దెబ్బతీసెను. హెచ్.డి.క్యామ్ ఎస్.ఆర్. టేపులకు లోకమంతట కఱవు వచ్చి, టేపును విడువనొల్లని వారు సైతము కార్డులకు మఱలిరి.

టేపు పోయినది, టేపుపై వ్రాసినది ఇండ్లలో మిగిలియున్నది. ప్రకాశం, గుంటూరు మండలముల ఇండ్లలో బీరువాల అడుగున పడియున్న క్యాసెట్లలో పెండ్లిండ్లు మాత్రమే కలవనుకొనరాదు. తిరునాళ్ల పద్యనాటకములు, పాఠశాలల వార్షికోత్సవములు, నేడు లేని పెద్దల కంఠస్వరములు అందున్నవి. హై డెఫినిషన్‌లో తీసిన పెండ్లిని కూడ నాడు ఇంటివారికి డి.వి.డి.గా ఇచ్చెడివారు. అది 720కి 576 చుక్కల బొమ్మ, హెచ్.డి.వి. చుక్కలలో నాలుగింట ఒక వంతునకు కొంచెము మించును. అసలు టేపు స్టూడియోలో నిలిచెడిది. దానిని తుడిచి మఱియొక పెండ్లికి వాడుట ఆ వృత్తిలో వింత గాదు.

తెలుగువారి మొదటి మూకీచిత్రము "భీష్మప్రతిజ్ఞ" 1921లో వచ్చినది. నేడు దాని ప్రతి ఒక్కటియు లేదు. ఫిలిమునకైనను ఒక సౌలభ్యము కలదు: దీపమునకు అడ్డుపెట్టినచో బొమ్మ కంటికి కనబడును. టేపుపై వ్రాతకు ఆ భాగ్యము లేదు. చదువు యంత్రము పోయినచో అది వట్టి గోధుమవన్నె నాడా. వి.హెచ్.ఎస్. యంత్రములను చేయుచుండిన ఫునాయి సంస్థయే 2016 జూలైలో వాని తయారీని నిలిపివేసినది. మినీ డి.వి. యంత్రములు పాతసామాను కొట్లలో దొరకిననే దొరకుట.

హెచ్.డి.వి., డి.వి. టేపుల విషయమున ఒక మేలు కలదు. వానిపై నున్నది అంకెల వ్రాత గనుక, ఫైర్‌వైరు తీగ ద్వారా కంప్యూటరునకు ఎక్కించినచో బిట్టు తప్పకుండ ఉన్నదున్నట్లు వచ్చును. మరల అదిమిన నష్టము లేదు. గంట టేపునకు పదునొకండు, పదమూడు గిగాబైట్లు చాలును. అట్లుగాక టేపును టెలివిజనుపై ఆడించి ఫోనుతో పట్టుట, లేక తిరిగి డి.వి.డి.గా చేయించుట, ఒకసారి అదిమిన దూదిని నలిపి నలిపి అదుముటయే. ఫైర్‌వైరు రంధ్రము నేటి కంప్యూటర్లలో సామాన్యముగా నుండదు గనుక పాత కంప్యూటరును పాఱవేయకముందే ఆ పని ముగింపవలెను. పాఠశాలలో క్యాసెట్లున్న ఉపాధ్యాయులు విద్యార్థులచేత మొదట చేయింపదగిన పని సులభమైనది: ఒక్కొక్క క్యాసెట్టుపై నున్న గుర్తు వి.హెచ్.ఎస్.యా, డి.వి.యా, హెచ్.డి.వి.యా యని చదివి, యేడును విషయమును చేర్చి, ఒక పట్టికలో వ్రాయించుట. ఏ యంత్రమును వెదకవలయునో ఆ పట్టిక చెప్పును.