భోపాల్ పాలకురాలు నవాబ్ సికందర్ బేగం

భోపాల్ రాజ్యాన్ని 1819 మొదలుకొని 1926 వరకు, నడుమ ఒక ఏడేళ్ళు మినహా, స్త్రీలే పరిపాలించారు. ఆ నలుగురు బేగముల్లో రెండవ ఆమె నవాబ్ సికందర్ బేగం. ఆమె ప్రస్తావన వచ్చినప్పుడల్లా గుర్రపుస్వారీ గురించీ, పరదా పాటించకపోవడం గురించీ చెప్పి ఊరుకోవడం రివాజు. నిజానికి ఆమె ఎదిరించిన ఆచారాల్లో పరదా చిన్నది. రాజ్యం కూతురిదైనా ఏలేది అల్లుడేనన్న కట్టుబాటు అంతకంటే పెద్దది.

1819లో తండ్రి నజర్ ముహమ్మద్ ఖాన్ తుపాకీ ప్రమాదంలో మరణించేనాటికి సికందర్ పసిబిడ్డ. తల్లి ఖుద్సియా బేగం రాజప్రతినిధి అయింది. కాని ఆ బిడ్డ పెరిగి ఎవరిని వివాహమాడితే అతడే నవాబు కావాలన్నది ఆనాటి ఏర్పాటు. ఆ ప్రకారం 1835లో జహంగీర్ ముహమ్మద్ ఖాన్‌తో ఆమె నికాహ్ జరిగింది. 1837లో అధికారం అతని పరమైంది. కాపురం మాత్రం సాగలేదు. గర్భవతిగా ఉన్న భార్యపై అతడు కత్తి దూశాడు. ఆమె ప్రాణాలతో బయటపడి తల్లితోపాటు ఇస్లాంనగర్ కోటకు చేరింది. 1838లో షాజహాన్ బేగం పుట్టింది ఆ కోటలోనే.

1844లో జహంగీర్ చనిపోయాడు. ఆరేళ్ళ షాజహాన్‌ను గద్దెకు వారసురాలిగా ప్రకటించారు. 1847 నుండి పాలన పూర్తిగా సికందర్ చేతికి వచ్చింది. ఆమె రాజ్యాన్ని మూడు జిల్లాలుగా విభజించింది, అప్పులు తీర్చింది, అప్పీలు కోర్టు నెలకొల్పింది, ఆడపిల్లలకు బడి పెట్టించింది. 1855లో కూతురి వివాహం చేస్తూ తన అనుభవాన్ని మరువలేదు. అల్లుడు బాఖీ ముహమ్మద్ ఖాన్ బేగం భర్త మాత్రమే అవుతాడు గాని నవాబు కాడని ఆంగ్లేయులచేత ఒప్పించింది. వివాహంతో భార్య ఆస్తి భర్తది కాదని షరీఅత్ చెబుతూనే ఉంది. రాజ్యం సొంత ఆస్తి వంటిది కాదనవచ్చు. అలాగైతే అది అల్లుడికి మాత్రం ఎలా సంక్రమిస్తుంది?

తర్వాత ఆమె గద్దె తన హక్కేనని వాదించింది. కూతురు పక్కకు తప్పుకొని దారి ఇచ్చింది. 1860లో బ్రిటిషు ప్రభుత్వం ఆమెను నవాబుగా గుర్తించింది. ఈ గుర్తింపు వెనుక 1857 ఉందన్న మాట దాచవలసింది కాదు. తిరుగుబాటులో ఆమె ఆంగ్లేయుల పక్షాన నిలిచింది. అంబాపానీ జాగీర్దారు ఫాజిల్ ముహమ్మద్ ఖాన్‌ను 1858లో రాహత్‌గఢ్ వద్ద ఉరితీశారు. ఆమెకు బైరసియా పరగణా బహుమానంగా దక్కింది. తన గద్దె నిలుపుకొన్నందుకు చెల్లించిన మూల్యం ఇది.

ఇక పరదా. ముఖం కప్పుకోవడం తప్పనిసరి అవునా కాదా అన్న విషయంలో ఫుఖహాలలో భిన్నాభిప్రాయాలున్నాయి. ఇహ్రామ్‌లో ఉన్న స్త్రీ నిఖాబ్ ధరించరాదన్న హదీసు సహీ బుఖారీలోనే ఉంది. సికందర్ ముఖం కప్పుకోకుండానే దర్బారు తీర్చింది. దీన్‌ను మాత్రం విడిచిన మనిషి కాదు. భోపాల్‌లోని మోతీ మసీదు ఆమె కట్టించినదే.

1863లో తల్లినీ, పెద్ద పరివారాన్నీ వెంటబెట్టుకొని ఆమె హజ్‌కు బయలుదేరింది. గద్దెమీద ఉన్న భారతీయ పాలకుల్లో హజ్ చేసిన మొదటి వ్యక్తి ఆమెనని చెబుతారు. జిద్దాలో సుంకం అధికారులతో పేచీ వచ్చింది. ఖుద్సియా బేగం దానధర్మాలు విని జనం విరగబడ్డారు. దారి భయం వల్ల మదీనాకు వెళ్ళలేకపోయింది. తిరిగివచ్చి ఉర్దూలో యాత్రా వృత్తాంతం రాసింది. దాని ఆంగ్లానువాదం 1870లో వెలువడింది. అందులో భక్తురాలితోపాటు పాలకురాలూ కనిపిస్తుంది. పరిశుభ్రత ఎలా ఉంది, సుంకాలు ఎలా వసూలు చేస్తున్నారు, అధికారులు ఎలా నడుచుకుంటున్నారు అని అడుగడుగునా తరచి చూసింది.

1868 అక్టోబరు 30న ఆమె కన్నుమూసింది. గద్దె మళ్ళీ షాజహాన్‌కు వచ్చింది. మొదటి భర్త మరణానంతరం 1871లో ఆమె సిద్దీఖ్ హసన్ ఖాన్‌ను వివాహమాడి పరదా స్వీకరించింది. రాజ్యాధికారం మాత్రం ఆమె పేరనే ఉంది. 1901లో అది ఆమె కూతురు సుల్తాన్ జహాన్‌కు సంక్రమించింది.