కణం పెద్దదైతే బలమా?

“రక్తపరీక్షలో ఎర్రకణాల పరిమాణం ఎక్కువని వ్రాశారు, అంటే రక్తం బలంగా ఉన్నట్లేనా?” అని నన్ను గృహిణులు తరచుగా అడుగుతుంటారు. ప్రశ్న సహజమే గాని, సమాధానం దానికి విరుద్ధం.

సూక్ష్మతయే శక్తి

గురుకులంలో కషాయం కాచే ముందు మూలికలను బరకగా దంచేవారము. పెద్ద ముక్కగా వేస్తే నీరు పైభాగాన్నే తాకుతుంది. దంచితే సారం సులభంగా దిగుతుంది. కణానికీ ఇదే న్యాయం. గుండ్రని కణం అడ్డుకొలత రెట్టింపైతే పైపొర వైశాల్యం 4 రెట్లు, లోపలి ఘనపరిమాణం 8 రెట్లు అవుతాయి. పోషించవలసిన భాగం పెరిగినంతగా, ఆహారమూ ప్రాణవాయువూ ప్రవేశించే ద్వారం పెరగదన్నమాట.

శరీరావయవాలను పరమాణువులుగా విభజిస్తే అవి లెక్కకు అందవనీ, అతి సూక్ష్మములనీ చరకసంహిత శారీరస్థానంలో చెప్పబడినది. నేటి కణమే ఆ పరమాణువని నేననను. సూక్ష్మత ప్రాధాన్యాన్ని మాత్రం పెద్దలు గుర్తించారు.

లోపలి పొరలు

కణం లోపల కూడా పొరలున్నాయి. మైటోకాండ్రియాలో లోపలి పొర ముడతలు పడి, తక్కువ చోటులో ఎక్కువ వైశాల్యాన్ని ఇస్తుంది. శక్తినిచ్చే ఏ.టి.పి. ఆ పొరపైనే అధికంగా తయారవుతుంది. దానిని 1929లో గుర్తించినవారిలో భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు.

ఎర్రకణం మాత్రం పరిణతి చెందేటప్పుడు కేంద్రకాన్నీ మైటోకాండ్రియానూ త్యజించి, ఆ చోటును హీమోగ్లోబిన్‌తో నింపుకొంటుంది. దాని అడ్డుకొలత 7 నుండి 8 మైక్రాన్లు. రెండువైపులా నొక్కుకొని ఉండుటచే, తనకంటె సన్నని రక్తనాళికలలోనూ వంగి సాగిపోగలదు.

పాండురోగంలో భేదాలు

ఇనుము లోపిస్తే ఎర్రకణాలు చిన్నవై, వెలవెలబోతాయి. బి12 గాని ఫోలిక్ ఆమ్లం గాని లోపిస్తే, మజ్జలో కణం పెరుగుతుంది గాని సకాలంలో విభజన చెందదు. ఫలితంగా కణాలు పెద్దవై, సంఖ్యలో తగ్గుతాయి. రక్తపరీక్ష పత్రంలో ఎం.సి.వి. అనే అంకె ఈ పరిమాణాన్నే తెలుపుతుంది. పెద్దలలో అది సాధారణంగా 80 నుండి 100 వరకు ఉంటుంది. రెండు లోపాలూ కలిసి ఉన్నప్పుడు అంకె సరిగానే కనబడవచ్చును. మద్యపానం, కాలేయ వ్యాధి, థైరాయిడ్ లోపం వలన కూడా కణాలు పెద్దవి కావచ్చును.

గృహస్థులకు సూచనలు

• ఆకుకూరలు, పెసలు, శనగలు ఫోలిక్ ఆమ్లాన్ని ఇస్తాయి. భోజనంలో ఉసిరిక, నిమ్మ చేర్చుకొంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనంతోపాటు టీ తగదు.

• ఆకుకూరలలో బి12 లభించదు. శాకాహారులకు పాలు, పెరుగే ఆధారం. శాకాహారులు, వృద్ధులు, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడేవారు పరీక్ష చేయించుకొనుట మంచిది.

• లోహభస్మాలు ఇనుము లోటును తీర్చగలవు గాని బి12 లోటును తీర్చలేవు. వాటినైనా వైద్యుని పర్యవేక్షణలోనే సేవించాలి.

• బి12 లోపించినవారు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడితే రక్తం మెరుగుపడినట్లు కనబడుతుంది. నరాల క్షీణత మాత్రం లోలోపల సాగవచ్చును. అరికాళ్ళ తిమ్మిరి, నడకలో తూలు, మతిమరుపు కనిపిస్తే ఉపేక్షించరాదు. ఆలస్యమైతే ఆ నష్టం పూర్తిగా తీరకపోవచ్చును.

కనుక పాండురోగమని తెలిసిన వెంటనే “రక్తం పట్టే మందు” కొనకండి. కణం చిన్నదా, పెద్దదా, ఎందువలన అని మొదట వైద్యుని అడగండి. కారణమెరిగి చేసినదే చికిత్స.